గుల్ల చప్పుడు

ఆయన్ని అందరూ సుత్తిగారనేవాళ్ళు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుందని కొందరు, మాటల్లో పెడితే ఒక పట్టాన వదలడని కొందరు. రెండూ నిజమే. దుకాణాల సముదాయాలు, ఆఫీసు మేడలు, బ్యాంకు భవనాలు ఏ స్థితిలో ఉన్నాయో చూసి చెప్పడం ఆయన వృత్తి. లిఫ్టు తాళ్ళు, కరెంటు ప్యానెళ్ళు, నీళ్ళ మోటార్లు, మంటలార్పే గొట్టాలు, ఏదీ వదిలేవాడు కాదు. వాటికి మీటర్లున్నాయి. గోడలకీ కప్పులకీ మాత్రం ఆయన చెవే మీటరు. సుత్తితో నెమ్మదిగా తట్టి వినేవాడు. లోపల గట్టిగా ఉంటే ఒక చప్పుడు, పెచ్చు లోలోపల విడిపోయి గుల్లబారితే ఇంకో చప్పుడు. కుండ కొనేవాళ్ళు తట్టి చూసుకోరూ, అలాగన్నమాట. "మనిషి అబద్ధమాడతాడు గానీ గోడ ఆడదు" అని కనిపించినవాడికల్లా చెప్పి ప్రాణం తీసేవాడు.

అలాంటివాడు, బళ్ళకు సెలవులిచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం గుమ్మంలో కూర్చుని భార్యకు చిక్కుళ్ళు ఒలిచి ఇస్తుంటే, ఆవిడ ఉన్నట్టుండి ఆయన చెవి మీద ఒక్కటిచ్చింది.

"దోమ. ఇంతసేపట్నించీ చెవి దగ్గర రొద పెడుతుంటే కదలరేం?"

"దోమా? నాకేం వినపడలేదే."

"అవును లెండి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా కాపురం," అని ఆవిడ నవ్వింది.

ఆయన నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి పక్కన గోడకు అతికించిన పలక ఒకటి ఎన్నాళ్ళుగానో గుల్లబారి ఉంది, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని సుత్తితో తట్టాడు. పక్కనున్న గట్టి పలకను తట్టాడు. మళ్ళీ దీన్ని, మళ్ళీ దాన్ని. రెండూ ఒక్కలాగే వినిపించాయి.

ఆయనకు భయం పట్టుకుంది. చెవి పోయిందని కాదు ఆ భయం. ఆ ముందురోజే ఒక షాపింగ్ కాంప్లెక్సులో, పిల్లలు ఆడుకునే హాలు కప్పంతా తట్టి, "రాయిలా ఉంది, నాదీ పూచీ" అని మేనేజరుకు చెప్పి వచ్చాడు. ఫోను తీసి మళ్ళీ పెట్టేశాడు. చెవులు పోయాయని ఒప్పుకుంటే ఈ వృత్తికి నీళ్ళొదులుకున్నట్టే. ఒప్పుకోకపోతే, మీరే చెప్పండి, ఆ కప్పు కింద ఎవరి పిల్లలున్నారో ఏమో.

"పద. నాతో రావాలి."

"చీరైనా మార్చుకోనివ్వండి."

"వద్దు, పద."

హాలు కిటకిటలాడుతోంది. పిల్లలు వలల మీద ఎగురుతున్నారు, తల్లులు బెంచీల మీద చేరి కబుర్లాడుకుంటున్నారు. ఆయన పొడుగాటి కడ్డీకి సుత్తి కట్టి పైకెత్తాడు. "తేడా అనిపిస్తే నా చొక్కా లాగు," అన్నాడు. అందరూ చూస్తుంటే ఆవిడకు తల కొట్టేసినట్టయింది. అయినా పక్కనే నిలబడి చెవులు రిక్కించింది.

నాలుగడుగులు బాగానే వేశారు. బెంచీల దగ్గరికి వచ్చేసరికి చొక్కా లాగింది.

"ఇది వేరేగా ఉందండీ. ఖాళీ డబ్బాలా."

మళ్ళీ తట్టాడు. ఆయనకు ఏ తేడా తెలియలేదు. ఇంకాస్త ముందుకు జరిగి తట్టాడు, ఆవిడ మళ్ళీ లాగింది. ఆ తర్వాత ఇక చొక్కా వదల్లేదు. పైనుంచి సన్నగా సున్నం రాలి ఆవిడ కంట్లో పడింది.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏంటి సార్, నిన్న రాయిలా ఉందన్నారుగా. సెలవుల్లో హాలు మూయమంటే మా ఓనరు నన్ను మూసేస్తాడు."

"నిన్న విన్నది నేను. నాకు వినపడటం లేదు బాబూ, చెవులు పోయాయి. ఇప్పుడు విన్నది ఈవిడ. తర్వాత నన్నేమైనా అను, ముందు పిల్లల్ని తీయించు."

మేనేజరు ఆయన మొహంలోకి చూశాడు. ఇంకేమీ అడక్కుండా దగ్గర్లో ఉన్న పిల్లని తనే ఎత్తుకుని బయటికి నడిచాడు.

హాలు ఖాళీ అయ్యాక, మేనేజరు పిలిపించిన మేస్త్రి నిచ్చెనెక్కి ఉలి అంచు దూర్చాడు. తలుపు రెక్కంత పెళ్ళ ఒక్కసారిగా ఊడి బెంచీ మీద పడింది. బెంచీ రెండు ముక్కలైంది. గుమ్మంలో నిలబడ్డ తల్లులు పిల్లల్ని పొట్టకు అదుముకున్నారు.

బయట ఆయన స్కూటరు తీశాడు. ఆవిడ కంట్లో పడ్డ సున్నం తుడుచుకుంటూ అడిగింది.

"ఏమండీ, ఎప్పట్నించి ఇలా?"

"ఏమో. తెలిస్తే ఇంతదాకా రానిస్తానా? తట్టినవన్నీ గట్టిగానే ఉన్నాయని సంతోషపడుతూ వచ్చాను."

"మన అమ్మాయి ఆఫీసు మేడను మీరు తట్టి చూసిందెప్పుడు?"

"అది ఉద్యోగంలో చేరిన కొత్తల్లో. పోయినేడు."

"అప్పటికి వినపడేదా?"

అమ్మాయి ఇంకా ఆఫీసులోనే ఉండే వేళ. ఫోను చెయ్యమని ఆయన సైగ చేసి, స్కూటరును ఆ ఆఫీసు వైపు తిప్పాడు. వెనక కూర్చుని ఆవిడ ఫోను చెవికి ఆనించుకుంది. అవతల మోగుతూనే ఉంది, అమ్మాయి ఎత్తడం లేదు.