కందుల గోదాములో సాయంత్రపుటెండ

పోయిన ఆదివారం మా మనవరాలు స్నేహితురాళ్లతో అనంతగిరికి పోయి, పొద్దు గూకే దాకా అక్కడే ఉండి, చెట్ల సందుల్లోంచి చీలికలు చీలికలుగా దిగే ఎండను ఫోనులో లెక్కలేనన్ని ఫోటోలు తీసుకొచ్చింది. నా పక్కన చేరి ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూపిస్తుంటే, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదమ్మా అనబోయి ఆగిపోయాను. ఎండను ఫోటో తీయాలని నేను కూడా ఒకప్పుడు పిచ్చిపడ్డదాన్నే. కాకపోతే నాకు దొరికింది ఒక్క ఎండచార, ఒకే ఒక్క ఫోటో.

నా పుట్టిల్లు వికారాబాదు. పొద్దు గుట్టల వెనక్కి దిగిపోయేదాకా అరుగు మీది నుంచి లేచేదాన్ని కాదు. అలాంటి నన్ను తాండూరులో కందుల వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు. రజాకార్ల భయం ఉన్న రోజుల్లో ఆ ఇంటికి వీధి వైపు ఉన్న కిటికీలన్నిటినీ బండలు పెట్టి మూసేశారట. పోలీసు చర్య జరిగి, భయం పోయి, పదేళ్లు దాటినా వాటిని తీసినవాళ్లు లేరు. ఊరు ఊరంతా బండలమ్ముకుని బతుకుతుంటే, ఒక్క బండను పక్కకు జరపడానికి మా ఇంట్లో మనిషి కరువయ్యాడు. వాకిట్లో చుట్టూ ఎత్తైన గోడలు, అందులోకి నడినెత్తి ఎండ తప్ప మరొకటి దిగదు. మిద్దె ఎక్కితే బజారు దుకాణాల కళ్లన్నీ పడతాయని కోడళ్లకు మెట్ల మీద కాలు పెట్టే వీలు లేదు. పెళ్లయి వచ్చాక రెండేళ్లు పొద్దు మునగడమన్నదే నేను చూడలేదంటే మీరు నమ్మాలి. మన తరంవాళ్లు నమ్ముతారులెండి.

ఊపిరాడనట్టుండే ఆ ఇంట్లో నాకు మిగిలింది గోదాము ఒక్కటే. దాని పడమటి గోడకు, కప్పు దగ్గర, గాలి కోసం వదిలిన జానెడు గవాక్షం ఉండేది. సాయంత్రం పప్పు తెచ్చే నెపంతో నేను లోపలికి పోయే వేళకు అందులోంచి ఒక ఎండచార ఏటవాలుగా దిగి, కందుల దుమ్ములో బంగారు వాసంలా నిలబడేది. బయట పొద్దు దిగుతున్నకొద్దీ, లోపల దాని వెలుగుమచ్చ ఎదుటి గోడ మీద పైకి పాకేది. అది పైకెక్కి మాయమైతే పొద్దు మునిగినట్టు. అంటే సూర్యాస్తమయాన్ని తలకిందులుగా చూసినదాన్ని నేను.

ఆ సుఖం కూడా ఏడాది పొడుగునా ఉండేది కాదు. కొత్త కందులు వచ్చే కాలానికి యాలాల్ నుంచీ బంట్వారం నుంచీ బండ్లు దిగేవి, బస్తాలు కప్పు దాకా పేర్చేవారు, గవాక్షం మూసుకుపోయేది. మొదటి ఏడు ఆ చీకట్లో నేనెంత ఏడ్చానో ఆ బస్తాలకే తెలుసు. రెండో ఏడు బండ్లు రేపో మాపో వస్తాయనగా, రైల్వేలో పనిచేసే మా అన్న వికారాబాదు నుంచి డబ్బా కెమెరా పట్టుకుని మమ్మల్ని చూడవచ్చాడు.

ఆ పొద్దున మా ఆయననూ నన్నూ వాకిట్లో నిలబెట్టి ఫోటోలు తీశాడు. అత్తమ్మను కూడా రమ్మంటే, మామగారు పోయిన తరువాత తాను శుభమైన వాటిలో నిలబడనంటూ ఆమె స్తంభం చాటుకు తప్పుకుంది. రీలులో చివరిది ఒకటి మిగిలిందంటే, గోదాములో ఎండను తీయమని అన్నను చెవిలో బతిమాలాను. మనిషి లేని ఫోటో ఏం ఫోటోనే అని నవ్వాడు. అయినా మెత్తని మనసువాడు కనుక, మసక వెలుతురులో కెమెరాను కదలకుండా ఎలా పెట్టాలో, మీటను ఎలా నొక్కి పట్టాలో చెప్పి, దాన్ని నాకొదిలి మా ఆయనతో బజారుకు పోయాడు.

సాయంత్రానికి కూలీలు గోదాము ఊడ్చి వెళ్లిపోయారు. నేను పిల్లిలా లోపలికి పోయి, బోర్లించిన కుంచం మీద కెమెరా పెట్టి, ఒక గోనెసంచి దులిపి దుమ్ము లేపి, పాత సంచుల కుప్ప వెనక కూర్చుని మీట నొక్కాను. సరిగ్గా అప్పుడే అత్తమ్మ లోపలికొచ్చింది. ఆమె నడుముకున్న తాళంచెవితో ఆ తలుపు ఒకసారి మూస్తే ఇక నాకు ఆ వెలుగు కూడా లేనట్టే. నన్ను ఆమె చూడలేదు. శుభ్రం చేశారో లేదో అటూ ఇటూ చూసి, నేరుగా ఆ ఎండచారలోకి నడిచి, కళ్లు మూసుకుని, ముఖం పైకెత్తి అలా నిలబడిపోయింది. అలవాటైన చోటికి వచ్చిన మనిషిలాగే నిలబడింది. ఆమె కదిలేదాకా నా వేలు మీట మీది నుంచి రాలేదు.

ఫోటోలు కడిగించి అన్న పంపేసరికి బస్తాలు వచ్చి గవాక్షాన్ని కప్పేశాయి. ఇంట్లోకి ఏది వచ్చినా ముందు అత్తమ్మ చేతికే పోవాలి, ఆ కవరూ అలాగే పోయింది. నేను వంటింట్లోంచి కదలలేదు. చాలాసేపటికి ఆమె వచ్చి ఒక్క ఫోటో నా చేతిలో పెట్టింది. అందులో ఎండ పడి ఆమె ముఖం తెల్లబారింది, ఎత్తిన గడ్డం మాత్రం కనబడుతోంది.

"ఫోటో వద్దంటే వద్దంటి. ఎట్లనో దిగితి. ఎవ్వలకు చూపియ్యకు" అంది. గడప దాకా పోయి, "ముప్పయ్యేండ్ల సంది గా ఎండనే చూస్తున్న" అని వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం పిలిచి, "మిద్దె మీద మిరపకాయలు ఎండవోసిన. పొద్దు మొత్తం మునిగినంకనే తీసుకరా, తొందరేం లేదు" అంది. మిరపకాయలను మంచు పడేదాకా ఉంచేవాళ్లు ఎవరూ ఉండరు. నేను కొంగు నెత్తిన కప్పుకుని మెట్లెక్కాను. రెండేళ్ల తరువాత నిండు సూర్యుడు ఎదురుగా నిలిచేసరికి ఏడుపు ఆగలేదు. అంతలో కింద వాకిట్లోంచి గొంతు వినిపించింది.

"మునిగిందా బిడ్డా?"

అంతవరకు నన్ను పిల్లా అనడమే తప్ప బిడ్డా అని ఎన్నడూ పిలవలేదు. ఇంకా లేదత్తమ్మా, ఎర్రగుంది, సగముంది అని పైనుంచి చెప్పాను. మిరపకాయల కాలం అయిపోతే వడియాలు, వడియాలు అయిపోతే ఉతికిన బట్టలు, ఏదో ఒకటి మిద్దె మీదికి చేరేది. మీరూ రండని పిలిస్తే, నాకెందుకే, నువ్వు చూసి చెప్పు అనేది. బతికినన్నాళ్లు అడిగింది, బతికినన్నాళ్లు చెప్పాను. ఒక్కనాడూ మెట్లెక్కలేదు.

ఇప్పుడా గోదాము లేదు, ఆ మిద్దె చుట్టూ అంతస్తులు లేచాయి. మనవరాలు ఎవరినీ అడగకుండా గుట్టకు పోయింది, చూసినంతసేపు చూసి చీకటి పడ్డాక తిరిగొచ్చింది. దాన్ని చూస్తే సంతోషమే, లోపల కాస్త అసూయ కూడా. నా ఫోటో మాత్రం దానికి చూపించలేదు, ఇచ్చిన మాట ఉంది కదా. అయినా పొద్దు వాలే వేళకు ఈ ఇంటి మూడో అంతస్తులో కిటికీ దగ్గర నిలబడితే, నా నోరు దానంతటదే అనేస్తుంది, ఇంకా లేదత్తమ్మా, సగముంది అని.