ఎండలో పెట్టిన తీర్మానం

గుడ్డ అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో లాగితే బర్రుమని చప్పుడు వస్తుంది. హనుమకొండలోని మా దుకాణంలో రోజంతా ఆ చప్పుడే. మొన్న మధ్యాహ్నం మా దగ్గర పనిచేసే స్వప్న లైనింగు గుడ్డ అలా చింపుతుంటే, గోడమీది టీవీలో ఏదో దేశంలో ఎన్నికల్లో ఓడిన నాయకుడి మనుషులు చట్టసభ అద్దాలు పగలగొడుతున్నారు. కొనడానికి వచ్చినావిడ బేరం ఆపి కాసేపు చూసింది. "ఓడిపోతె ఓడిపోయిన అనరాదా" అని మళ్ళీ బేరంలో పడింది. నాకు విశ్వనాథం సావుకారి గుర్తొచ్చారు. ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. వరంగల్ బట్టల బజారు దాటి ఆయన పేరు ఎక్కడా వినిపించలేదు, వినిపించాలని ఆయన కోరుకోనూ లేదు.

తొర్రూరులో డిగ్రీ ముగించి, ఎక్కడా ఉద్యోగం దొరక్క, ఆయన దుకాణంలో చేరాను. మంచి మనిషి అని ఒక్క ముక్కలో తేల్చేయడానికి వీల్లేని మనిషి. మెచ్చుకోలు ఆయన నోట రాదు. చాయ్‌లో చక్కెర తగ్గితే ఆ పూటంతా ముఖం ముడుచుకునేవారు. దానికితోడు ఒక చాదస్తం: ఏ గుడ్డయినా చింపేముందు గిరాకీని వాకిట్లోకి తీసుకెళ్ళి ఎండలో చూపించాల్సిందే. ట్యూబ్‌లైటు కింద ముదురు నీలం నల్లగా కనిపిస్తుంది, బయటికి తెస్తే దాని అసలు రంగు తెలుస్తుంది. అలా చూసుకుని వద్దని వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. చేరిన కొత్తలో విసుగొచ్చి, "లోపలనే చింపిస్తె ఆమె కొనుక్కపోయేది గద" అన్నాను. "కొనుక్కపోయేది. ఇంటికాడ చూసుకొని నన్ను తిట్టేది. ఆ తిట్టేదేదో ఈడనే తిట్టనీ బిడ్డా" అన్నారు. ఈయన దగ్గర నేర్చుకుంటే నేను వ్యాపారం చేసినట్టే అనుకున్నాను.

దుకాణం అరుగు మీద దర్జీ రహీం భాయ్ కుట్టుమిషను ఉండేది. సావుకారి తండ్రి కాలంలో రహీం తండ్రి కూర్చున్న చోటే అది. మా దగ్గర గుడ్డ కొన్నవాళ్ళు అక్కడే జాకెట్టుకు కొలతలిచ్చి పోయేవారు. వాళ్ళిద్దరిదీ గొప్ప స్నేహమని మాత్రం అనుకోకండి. పొద్దున లేస్తే గొడవే. కత్తిరించిన ముక్కలు అరుగంతా పారేస్తాడని ఈయన, వానకు రేకు సరిగా వేయించలేదని అతను. మధ్యాహ్నం అన్నం కూడా ఎవరిది వాళ్ళు ఎటో తిరిగి తినేవారు.

ఎదురు దుకాణం సదానందంది. మా నాన్నను దవాఖానాలో చేర్చినప్పుడు, పిలవకుండానే వచ్చి రాత్రిదాకా నా పక్కన కూర్చున్న మనిషి అతను. అందుకే అతన్ని చెడ్డవాడనడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఆ రోజుల్లో అతని ఫోనుకు ఏవేవో వీడియోలు వచ్చేవి. ఎక్కడో ఇళ్ళు తగలబడుతుంటాయి, ఎవరో ఏడుస్తుంటారు. అవి ఏ దేశానివో, ఎప్పటివో ఎవరూ అడగలేదు. చూసీ చూసీ అతని మాట మారిపోయింది. ఒకరోజు ఫోను పట్టుకుని నేరుగా మా గల్లా దగ్గరికి వచ్చాడు. "వాళ్ళు ఆడ మనోళ్ళను ఏం చేస్తాండ్లో చూస్తలేవా కాకా? మనం అరుగులిచ్చి కూసోబెడుతానం."

"చూస్తాన. అది చేసినోని పేరేంది?" అన్నారు సావుకారి.

"పేరు నాకెట్ల తెలుస్తది?"

"రహీం పేరు తెలుసు గద. అందుకని వాని తప్పుకు వీన్ని లేపుదామంటవ్."

సదానందం నొచ్చుకున్నాడు. అది రహీం ఒక్కడి సంగతి కాదని, లోకమంతా జరుగుతున్నదని చెప్పి వెళ్ళిపోయాడు. వారం తిరగకముందే బజారు వర్తకుల సంఘంలో తీర్మానం తెచ్చాడు: రహీం మతం దర్జీలకు ఏ దుకాణమూ అరుగు ఇవ్వకూడదు. సంఘం అధ్యక్షుడు సావుకారే. మామూలుగా మీటింగులు దుకాణాలు కట్టేశాక, మేడమీది గదిలో జరిగేవి. ఈసారి ఆయన ఆ గది తాళం తీయలేదు. పట్టపగలు, మా దుకాణం ముందు, నడివీధిలో కుర్చీలు వేయించారు. అరుగు మీద రహీం తలవంచుకుని కుడుతున్నాడు. "గుడ్డనే ఎండల చూపిచ్చి అమ్ముతం. మనిషి సంగతి చీకట్ల తేలుస్తమా? వాన్ని చూసుకుంట చేతులు లేపుండ్రి" అన్నారు.

ఇక్కడ ఒక్క చేయీ లేవదని నేను గట్టిగా నమ్మాను. పండక్కి రహీం ఇంట సేమ్యా తిన్నవాళ్ళు, పెళ్ళిబట్టలు అతనితో కుట్టించుకున్నవాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు. మొదట సదానందం చేయి లేచింది. తర్వాత ఇంకొకటి. కొందరు నేలచూపులు చూస్తూ లేపారు, కొందరు రహీం వైపు చూస్తూనే లేపారు. ఎండ ఎవరినీ మార్చలేదు. సావుకారి మెల్లగా అందరి చేతులూ చూసి, "మీరే ఎక్కువున్నరు. తీర్మానం గెలిచింది" అన్నారు. రహీం అప్పటికే మిషను బెల్టు ఊడదీస్తున్నాడు. "నా కోసం లొల్లి ఎందుకు సావుకారీ, నేను పోత" అన్నాడు. "కూసో. తీర్మానం సంఘానిది. అరుగు నాది" అని సంఘం గది తాళంచెవి జేబులోంచి తీసి సదానందం చేతిలో పెట్టారు. "సంఘం మాట వినను కాబట్టి నేను సంఘంల ఉండను. ఇగ దీన్ని నువ్వు నడుపు" అని లోపలికి వచ్చి, చల్లారిన చాయ్ గురించి నన్ను కసిరారు.

నేను వదల్లేదు. అందరూ ముందే కూడబలుక్కున్నారని, మోసం జరిగిందని, మళ్ళీ ఓటు పెట్టించాలని ఆ సాయంత్రమంతా పోరాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఆయన ఓపిగ్గా వినడం చాలా అరుదు. "మోసమేంది? చేతులు నా కండ్లతోని చూసిన. కుర్చీ వాళ్ళిచ్చిండ్లు, వాళ్ళే తీసుకున్నరు. దానికి నేను ఏడిస్తె పద్ధతి కాదు. గాని రహీం కూడు వాళ్ళిచ్చింది కాదు. ఇయ్యనిదాన్ని తీసుకునేందుకు ఎంతమంది చేతులు లేపితె ఏంది?" అన్నారు. ఆ తర్వాత బజారు మాతో మాట్లాడటం మానేసింది. మా మూటలు దించడానికి హమాలీలు జంకేవారు. సరుకు ఆలస్యమైంది, గిరాకీ పలచబడింది. రహీం మిషను మాత్రం నడుస్తూనే ఉంది, ముక్కల మీద గొడవ కూడా.

కాలం గడిచింది. సదానందం ఒకరోజు హోటల్లో కూర్చుని, తను నెత్తిన పెట్టుకున్న నాయకుడి గురించి, "ఆయన చేసిన ఈ పని మాత్రం తప్పు" అన్నాడట. ఎవరో దాన్ని ఫోనులో రికార్డు చేసి అందరికీ పంపారు. సాయంత్రానికి అతను ద్రోహి అయిపోయాడు. మర్నాడు ఆ నాయకుడి కుర్రాళ్ళు కొందరు అతని దుకాణం ముందు నిలబడి గిరాకీని వెనక్కి పంపుతున్నారు. బజారంతా తలలు లోపలికి లాక్కుంది. అబద్ధమెందుకు, నాకు సంతోషమైంది. అదే సంతోషంతో సావుకారి వైపు తిరిగేసరికి ఆయన చెప్పులు తొడుక్కుంటున్నారు. కుర్రాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని సదానందం దుకాణంలోకి పోయారు. నేనూ వెనకే పరుగెత్తాను. సదానందం లేచి నిలబడి, "కాకా, నేను నీకు..." అనబోయాడు.

"నీతోని ముచ్చటకు రాలే. తువ్వాల కొననొచ్చిన. చూపియ్యి" అన్నారు.

పొద్దుగూకేదాకా తువ్వాలలు బేరమాడారు. ఇది మందం, అది పలచన, దీని అంచు బాగాలేదు. వాకిట్లో నిలబడ్డ కుర్రాళ్ళు విసిగి ఒక్కొక్కరే జారుకున్నారు. రహీం రాలేదు. అరుగు మీద అతని మిషను నడుస్తూనే ఉంది. అతను రావాలని మేమెవరమూ అనలేదు, అనే హక్కు మాకు లేదు.

తిరిగి వస్తుంటే, "ఆయనను మాఫ్ చేసిండ్రా?" అని అడిగాను.

"మాఫ్ ఎందుకు చేస్త? వాడు చేసింది ఇప్పటికీ తప్పే."

"మరి ఎందుకు పోయిండ్రు?"

"నచ్చినోని పక్కన నిలవడుడు సుట్టరికం బిడ్డా. దానికి సంఘాలెందుకు, ఓట్లెందుకు?"

చివరిదాకా ఆయనకు సదానందం నచ్చలేదు. సదానందం పంపిన మిఠాయి కూడా తినేవారు కాదు, నాకిచ్చేవారు. ఆయన పోయి చాలా కాలమైంది. అరుగుల కాలమూ పోయింది. నా దుకాణం నాకుంది, మా కాంప్లెక్సుకూ ఒక సంఘం ఉంది. నా పక్క షట్టరు అతను తెల్లారితే చాలు, మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరి మీద విషం కక్కుతాడు. రహీం లాంటివాళ్ళ మీద ఎక్కువగా. అతన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మంట. అతని చేత షట్టరు ఖాళీ చేయించాలని సంఘంలో తీర్మానం పెడుతున్నారు. అతను రాసినదాంట్లో నేరమున్నచోట ఫిర్యాదు ఇద్దామన్నాను. అంత ఓపిక ఎవరికుంది, చేతులు లేపితే అయిపోతుంది కదా అన్నారు. రేపే మీటింగు. అతను రాసిన ప్రతి మాటకూ అతని ఎదుటే జవాబు చెబుతాను, ఒక్కటీ వదలను. చేయి మాత్రం లేపను. ఇది ముందే చెప్పినందుకు స్వప్న కూడా రెండు రోజులుగా నాతో ముభావంగా ఉంటున్నది. అతను నచ్చని విషయంలో ఈసారి ఎక్కువమంది నావైపే ఉన్నారు. నాకు భయం వేస్తున్నది అందుకే.