మోకాళ్ళతో మాట్లాడే తోర్స్తి గారు

ప్రొఫెసర్ తోర్స్తి రౌతామా గారు మనుషుల ముఖాలు చూడరు, మోకాళ్ళు చూస్తారు. మోకాళ్ళు కనిపించకపోతే మడమలు చూస్తారు. చలికాలంలో రెండూ బట్టల్లో కూరుకుపోతే నడకలో ఊపు చూసి మిగతాది ఊహించుకుంటారు. లెహ్తిసారి ఊళ్ళో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. ఆయన మాత్రం ఊళ్ళో ఒక్కరి ముఖాన్నీ ఎరగరు. "నిన్న చేపల అంగడి దగ్గర మీ తుంటి కనిపించింది, పలకరిద్దామనుకుంటే వెళ్ళిపోయింది" అంటారు మర్యాదగా. వినేవాళ్ళు "మా తుంటికి చెబుతాలెండి" అని తప్పుకుంటారు.

సరస్సు ఒడ్డున ఆయనకొక పరిశోధనశాల ఉంది. అక్కడ గచ్చులో ఒక ఇనుప పలక బిగించి ఉంటుంది. దాని మీద కాలు పెడితే చాలు, ఎంత బరువు ఎటు పడిందో పక్కనున్న తెర మీద గీతగా లేస్తుంది. మంచుకొండల మీంచి స్కీలతో దూకేవాళ్ళు, పరుగు పందెగాళ్ళు, నాట్యం చేసేవాళ్ళు అందరూ వచ్చి ఆ పలక మీద గెంతి, ఆయన చేత చీవాట్లు తిని వెళతారు.

ఒకసారి ఆయన భార్య ఇర్మెలి గారు అక్కగారింటికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో కొత్త బూట్లతో రైలు దిగారు. తీసుకెళ్ళడానికి వచ్చిన తోర్స్తి గారు ఆవిణ్ణి దాటుకుని ముందుకు పోయారు.

"ఏమయ్యా! నేను!"

ఆయన ఆగి, కిందికి చూసి అనుమానంగా అన్నారు. "గొంతు నీదే. నడక నీది కాదు."

"బూట్లు కొత్తవి."

"పాతవేవి?"

"సంచిలో ఉన్నాయి."

"అయితే వేసుకో. ఎవరైనా చూస్తే పరాయి ఆవిడతో వెళుతున్నాననుకుంటారు."

ఇంకోసారి ఎవడో ఆయన కళ్ళముందే సైకిలు ఎత్తుకుపోయాడు. పోలీసు స్టేషనులో ఇన్‌స్పెక్టరు, దొంగ ఎలా ఉంటాడని అడిగాడు. తోర్స్తి గారు కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నారు.

"ఎడమ మడమ లోపలికి వాలుతుంది. చిన్నప్పుడు ఎప్పుడో చీలమండ బెణికి, సరిగ్గా నయం కాలేదు పాపం."

"జుట్టు రంగండీ?"

"జుట్టుందా? చూడలేదు."

"పోనీ, వయసు?"

"మోకాలికి నలభై ఉంటాయి. మనిషికి తెలియదు."

ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టి, మంచినీళ్ళ కోసం లేచాడు. అతను గుమ్మం చేరేలోగా వెనక నుంచి వినిపించింది: "నీ కుడికాలు కాస్త పొట్టి నాయనా. బూటులో పలచటి అట్టముక్క పెట్టుకో. సాయంత్రాలు నడుము లాగదు." సైకిలు దొరకలేదు కానీ ఇన్‌స్పెక్టరు నడుం నొప్పి తగ్గింది. ఇప్పటికీ ఆయన కనిపిస్తే టోపీ తీస్తాడు. ఎవరు టోపీ తీస్తున్నారో తోర్స్తి గారికి తెలియదు.

ఇలాంటి మనిషి హెల్కా జీవితంలోకి వచ్చిపడ్డారు.

హెల్కా ఆ ఊరి నాట్యశాలలో నర్తకి. ముప్ఫయి దాటేదాకా గుంపులో నాలుగో వరసలోనే ఆడింది. ఆ శీతాకాలం నాట్యశాలవాళ్ళు సరస్సులో మునిగిపోయిన ఒక పల్లె కథని నృత్యంగా తలపెట్టి, పల్లెవాళ్ళని లేపడానికి గంట మోగించే పిల్ల పాత్ర ఆమెకిచ్చారు. మొదటి ముఖ్యపాత్ర. ఆ వయసులో అదే ఆఖరిది కూడా కావచ్చు. పాత్ర నిండా గెంతులే. గంట అందుకోవడానికి మళ్ళీ మళ్ళీ ఎగరాలి, రంగస్థలం ఎడమ మూల, ఎడమకాలి మీద దిగాలి.

దిగినప్పుడల్లా పిక్కముందరి ఎముకలో సూదితో పొడిచినట్టు ఉండేది. హెల్కా ఎవరికీ చెప్పలేదు. చెప్పే వీలు లేదు. నృత్యం నేర్పే సైమి గారు మంచావిడే, కానీ ఆవిడకో మాటుంది: "నొప్పులున్నవాళ్ళకి నా దగ్గర కుర్చీ ఉంది, పాత్ర లేదు." పైగా ఆ పాత్ర అడుగులన్నీ నేర్చేసుకున్న కుర్రపిల్ల ఒకతె పక్కన సిద్ధంగా నిలబడి ఉంది.

ఒక ఆదివారం ఊరివాళ్ళని సాధన చూడటానికి పిలిచారు. ఇర్మెలి గారు భర్తని లాక్కొచ్చి మూడో వరసలో కూర్చోబెట్టి, నోరు కదలకుండా బంక లాంటి ఉప్పు మిఠాయి ఒకటి నోట్లో పెట్టారు. సంగీతం ఆగింది. హెల్కా ఎగిరింది, దిగింది. ఆ నిశ్శబ్దంలో మూడో వరసలోంచి ఒక గొంతు ఖంగుమంది.

"అయ్యయ్యో! కుడికాలు, పాపం!"

తలలన్నీ తిరిగాయి. సైమి గారు రంగస్థలం మీదికి వచ్చారు. "ఎవరది?"

తోర్స్తి గారు లేచి నిలబడ్డారు. "ఎడమకాలు చేయాల్సిన పనిని ఈ కుడికాలు..." అంటూ మొదలుపెట్టి, చటుక్కున ఆగారు. ఆయన చూపు ఆమె మోకాళ్ళ మీద ఉంది. అవి గడగడ వణుకుతున్నాయి.

"ఈ కుడికాలు నాది," అన్నారు ఆయన తన తొడ తట్టుకుంటూ. "తిమ్మిరెక్కింది. అందుకే పాపం అన్నాను."

హాలంతా ఘొల్లున నవ్వింది. ఇర్మెలి గారు సిగ్గుతో ముఖం కోటులో దాచుకున్నారు. హెల్కా కూడా నవ్వింది, అందరికన్నా గట్టిగా.

మర్నాడు నాట్యశాల వెనకగుమ్మం దగ్గర మంచులో ఆయన నిలబడి ఉన్నారు. ఆమె బూట్ల వైపు చూసి, "నమస్కారం, నువ్వేగా?" అన్నారు. ఆమె కాదనేలోపే పరిశోధనశాలకి దారి తీశారు.

పలక మీద హెల్కా ఎగిరి దిగింది. తెర మీద గీత లేచింది.

"ఇది చూడు. ఎడమకాలు నేలని తాకడం, వేడిపెనం తగిలినట్టు తప్పుకోవడం. బరువంతా కుడికాలు మోస్తోంది. నొప్పి ఎప్పటినుంచి?"

"నాకేం నొప్పి లేదండీ."

"నీకు లేదేమో. కాలికి ఉంది."

ఆయనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎముకలో సన్నటి పగులు మొదలవుతోందని, మంచు కరిగేదాకా గెంతకూడదని, గెంతితే విరిగిపోతుందని డాక్టరు చెప్పాడు. బయటికి రాగానే హెల్కా ఏడుపు ఆపుకుంటూ అడిగింది.

"సైమి గారికి చెబుతారా?"

"చెప్పను. నువ్వు ఆగు."

"ఆగితే పాత్ర పోతుంది."

"ఆగకపోతే కాలు పోతుంది."

"మీకేమండీ! మీరు కూర్చుని గీతలు చూస్తారు. ఎగరాల్సింది నేను! రేపు కూడా ఎగురుతాను!"

ఆమె విసవిసా వెళ్ళిపోయింది. వెనక నుంచి ఆయన ఏ హితబోధా చేయలేదు. "మెట్ల మీద మంచుంది, కమ్మీ పట్టుకో!" అని మాత్రం అరిచారు.

మర్నాడు హెల్కా సాధనకి వెళ్ళేసరికి రంగస్థలం మీద తోర్స్తి గారు బోర్లా పడుకుని ఉన్నారు. చెవి నేలకి ఆనించి, పిడికిలితో కొడుతూ, పాకుతూ ఎడమ మూలకి చేరారు. అక్కడ లేచి, బూట్లు విప్పి, డెబ్భయికి దగ్గరపడిన మనిషి మేజోళ్ళతో ఒక్క గెంతు గెంతారు. దబ్బున కూర్చుండిపోయారు. ఇద్దరు నర్తకులు పరుగున వచ్చి లేపారు.

"సైమి గారూ, ఈ నేల చచ్చిపోయింది!"

"నేల చావడమేమిటండీ?"

ఆయన జేబులోంచి రబ్బరు బంతి తీసి రంగస్థలం మధ్యలో జారవిడిచారు. అది మోకాలిదాకా లేచింది. ఎడమ మూలలో విడిచారు. నడుందాకా లేచింది.

"మధ్యలో చెక్క కింద ఖాళీ ఉంది, ఊగుతుంది. దిగినవాళ్ళ దెబ్బ సగం అదే తీసుకుంటుంది. ఈ మూల చెక్క కింద కాంక్రీటు దూలం. తీసుకోదు, తిరిగి కొడుతుంది. ఇలాంటి చోట పిల్లల్ని గెంతిస్తారా?"

సైమి గారి ముఖం పాలిపోయింది. ఆ బంతిని చూశాక కాదనడానికి లేదు. "ఎన్నాళ్ళు పడుతుంది బాగుచేయడానికి?"

"మంచు కరిగేదాకా."

"నాలుగు చెక్కలు మార్చడానికా!"

"చెక్కలు ఆరాలి. మేకులు కుదురుకోవాలి. చుట్టుపక్కల ఎవరూ గెంతకూడదు, ఈ హాల్లోనే కాదు, ఏ హాల్లోనూ. శరీరానికి కొత్త నేల, పాత నేల కలగాపులగం అయిపోతుంది. చేతులూ, మెడా, నడుమూ సాధన చేయించండి. కూర్చోబెట్టి."

చివరి ముక్కలో శాస్త్రం ఎంతుందో ఎవరికీ అర్థం కాలేదు. కానీ ఆయన అంత గంభీరంగా చెబితే ఎవరూ ఎదురాడరు. ప్రదర్శన వసంతానికి వాయిదా పడింది. ఊరంతా ఆయన్ని ఆటపట్టించింది. ఆవిరిస్నానాల గదిలో, "నేలకి ఎలా ఉందండీ? అన్నం తింటోందా?" అని అడిగేవాళ్ళు. "కాస్త నయం" అనేవారు ఆయన.

హెల్కా తన అదృష్టానికి తానే ఆశ్చర్యపోయింది. పాత్ర పోలేదు. కాలికి విశ్రాంతి దొరికింది. డాక్టరు సరేనన్నాక తోర్స్తి గారి దగ్గర మెల్లగా దిగడం నేర్చుకుంది. "చప్పుడు వినపడకూడదు! మునివేళ్ళు, మడమ, మోకాలు, తుంటి, ఒకదాని తర్వాత ఒకటి పని పంచుకోవాలి. నువ్వు మొత్తం మూట తీసి ఎముక నెత్తిన పడేస్తున్నావు!" అని ఆయన అరుస్తూ ఉంటే, అటకమీంచి దూకే పిల్లిలా దిగేదాకా దిగింది.

ప్రదర్శన దగ్గరపడ్డాక ఒక ఉదయం ఆమె పెందరాళే నాట్యశాలకి వచ్చింది. లోపల సుత్తి చప్పుడు. తెర తొలగించి చూస్తే ఇద్దరు ముసలి వడ్రంగులు రంగస్థలం మీద పేకాడుతూ, కాఫీ తాగుతున్నారు. మధ్యమధ్య ఉర్పో అనే ఆయన పక్కనున్న పనికిరాని చెక్కముక్క మీద సుత్తితో టకటకా రెండు దెబ్బలు వేసి మళ్ళీ ముక్కలందుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నారు తాతా?"

"నేల బాగుచేస్తున్నామమ్మా," అన్నాడు ఉర్పో ముక్క వేస్తూ.

"ఇంకా కాలేదా?"

"ఎందుకు కాలేదు? మొదటి వారంలోనే అయిపోయింది. బంగారంలా ఉంది."

"మరి ఈ సుత్తి?"

"రోజూ వచ్చి కొట్టమని తోర్స్తి చెప్పాడు. సైమి గారి గదిలోకి వినపడాలట. కాఫీ, బన్నూ ఇర్మెలి పంపిస్తుంది. మాకేం పోయింది?"

"ఎందుకని అడగలేదా?"

"అడక్కేం! 'లోపల ఒక సున్నితమైన ముక్క అతుక్కుంటోంది. అతుక్కునేదాకా కదపకూడదు' అన్నాడు." ఉర్పో గొంతు తగ్గించాడు. "మా ఇద్దరికీ ఎప్పుడూ అదే గొడవ. నేలంతా వెతికాం తల్లీ. ఆ ముక్క ఎక్కడుందో దొరకలేదు."

హెల్కా చెయ్యి దానంతటదే ఎడమ పిక్క మీదికి వెళ్ళింది. "అతుక్కుంది తాతా" అంది. "ఇంక కొట్టక్కర్లేదు."

"అబ్బే, ఆయన చెప్పాలి," అని ఉర్పో ఇంకో రెండు దెబ్బలు వేశాడు.

వసంతంలో ప్రదర్శన జరిగింది. హెల్కా ఎగిరింది. ఎడమ మూల, ఎడమకాలి మీద, మంచు రాలినంత నెమ్మదిగా దిగింది. పల్లె మునిగింది, జనం కళ్ళు తుడుచుకున్నారు, చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

మర్నాడు ఆమె ఒక పెద్ద కేకు పట్టుకుని తోర్స్తి గారింటికి వెళ్ళింది. తలుపు తీసింది ఆయనే. కేకు చూశారు, ఎన్నడూ లేనిది తలెత్తి ఆమె తడికళ్ళు చూశారు, "ఇర్మెలీ! నీ కోసం!" అని కేకవేసి పక్కగదిలో దూరి తలుపేసుకున్నారు. లోపల రేడియో పెద్దగా మోగింది.

ఇర్మెలి గారు నవ్వుతూ ఆమెని వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోశారు.

"సైమికి చెబితే నీ పాత్ర పోతుంది. నీకు చెబితే నువ్వు వినవు. నేలైతే ఎదురు చెప్పదు. అదమ్మా ఈయన ఆలోచన. తిమ్మిరని అబద్ధమాడిన రాత్రంతా నిద్రపోలేదు."

"ఆయనకి ఒక్కసారి కృతజ్ఞత చెప్పుకోనివ్వండి."

"వద్దు తల్లీ. ఒక్కసారే అంతా ఇస్తే తట్టుకోలేడు, జ్వరం వస్తుంది. నాకు చెప్పు. నేను దాచిపెట్టి కొంచెం కొంచెంగా ఇస్తాను."

హెల్కా కప్పు కింద పెట్టింది. ఆ శీతాకాలం తాను ఎంత భయపడిందో, ఆ గంట అందుకున్నప్పుడు ఎలా అనిపించిందో, ఈ కాలు ఉన్నన్నాళ్ళూ ఎవరిని తలుచుకుంటుందో మొదలుపెట్టి చెప్పసాగింది.

పక్కగదిలో రేడియో చప్పుడు ఉన్నట్టుండి తగ్గిపోయింది.

ఇర్మెలి గారు ఆమె చెయ్యి పట్టుకుని, తలుపు వైపు కన్ను గీటి అన్నారు. "కాస్త గట్టిగా చెప్పమ్మా. నాకు సరిగ్గా వినపడటం లేదు."