కోతి మాటెత్తని తోట కార్యక్రమం

ఆదివారం పొద్దున టీవీని తిట్టనిదే ద్వాలికి టీ రుచించదు. 'పెరటి పలకరింపు' మొదలవుతుంది. హైదరాబాదులో ఏదో మేడ మీద తెల్లటి కుండీల మధ్య ఒకావిడ నడుచుకుంటూ వచ్చి, ఎర్రగా పండిన టమాటాను వేలితో తాకి మురిసిపోతుంది. ద్వాలి గ్లాసు కింద పెట్టి టీవీనే అడుగుతుంది: "బాగనే కాసింది బిడ్డా. మరి కోతులేవి?"

టీవీ జవాబు చెప్పదు. కొబ్బరి పొట్టు ఎంత కలపాలో చెబుతుంది, ఏ కుండీకి ఏ రంగు వేస్తే అందంగా ఉంటుందో చెబుతుంది. కోతి అనే జంతువు ఈ భూమ్మీద ఉన్నట్టే ఆ కార్యక్రమానికి తెలియదు.

సారపాక నుంచి బూర్గంపాడు పోయే దారికి కాస్త లోపల ఆమె తండా. పెళ్లయి ఇక్కడికి వచ్చిన నాటి నుంచి మోకాళ్లు మొరాయించేదాకా జామాయిల్ నర్సరీలో కూలి చేసింది. నల్ల కవర్లలో మట్టి నింపడం, పుల్లలు గుచ్చడం, నీళ్లు చల్లడం. ఆమె చేతుల్లో బతికిన మొక్కలు లారీలకు లారీలు వెళ్లిపోయాయి. వాటిలో ఒక్కటీ తినే కాయ కాయదు. "ఇన్నేండ్లు మొక్కలే పెంచిన. ఒక్కనాడన్న ఒక కాయ తెంపి కూర వండుకున్ననా?" అనేది. నర్సరీ మానేసిన ఏడాదే ఇంటి వెనక జాగా చదును చేసి బీర పందిరి వేసింది. పక్కన చిక్కుడు, సొర, ఓ జామ మొక్క.

అవి కాపుకు రావడం, కోతులు తండాకు దారి కనిపెట్టడం ఒకేసారి జరిగాయి. అడవిలో తిండి లేక వచ్చాయంటారు. జామాయిల్ తోటలో కోతి తినేదేముంటుంది కనుక? ఆకలికి తిన్నా ద్వాలికి ఇంత కడుపుమంట ఉండేది కాదు. లేత బీర పిందెను తెంపి, ఒక్క కొరుకు కొరికి, ఆమె కళ్ల ముందే పారేస్తాయి. చిక్కుడు తీగ పట్టుకుని ఊగుతాయి. బెదురుతాయని పెద్దపులి బొమ్మ కొనుక్కొచ్చి గోడ మీద పెడితే, దాని వీపున కూర్చుని ఒకదానికొకటి పేలు చూసుకున్నాయి.

భర్త హీరాలాల్ సారపాక కాగితపు మిల్లులో కాంట్రాక్టు కార్మికుడు. అతని దృష్టిలో ఆ జాగా పెరడు కాదు, కట్టని రెండు గదులు.

"కోతులకు కూరగాయలు పండించే సోకు మనకెందుకే? రెండు రూములు ఏస్తే మిల్లుకొచ్చే పిలగాండ్లకు కిరాయికిద్దుము. స్లాబు మీద కోతి కూసుంటే కూసోనీ, స్లాబునైతే కొరకదు గద."

"నా పందిరి జోలికి రాకు."

"నేను రాను. అవే వస్తున్నయ్." ఆపైన ఒక షరతు పెట్టాడు, "నీ టీవీ వాళ్లకు అన్ని తెలుసంటవ్ గద. అడుగు. ఉపాయం చెప్తే పెరడు నీది. చెప్పకుంటే దసరా అయినంక పునాది తీస్తున్న."

ఆ మాటతో ద్వాలి ఫోన్ పట్టుకుంది. ఎన్నో ఆదివారాలు లైను కలవలేదు. కలిసిన రోజున, అవతలి అమ్మాయి టీవీ సౌండ్ తగ్గించమంది. ద్వాలి పూర్తిగా కట్టేసి, ఊపిరి బిగబట్టి అడిగింది: "సార్, కోతులొచ్చి పిందెలన్ని పీకుతున్నయ్. ఏం చెయ్యాలె?"

నిపుణుడు నవ్వాడు. "మంచి ప్రశ్న అమ్మా. దేనికైనా ముందు వేపనూనె పిచికారీ చేయండి..." అంతే. లైను తెగింది. ద్వాలి మళ్లీ టీవీ పెట్టేసరికి మరో కాలర్ గులాబీల గురించి మొదలుపెట్టాడు.

పక్కింటి రూప్లి వారం రోజులు వదల్లేదు. "వదినా, వేపనూనె తెచ్చినవా? కోతులను వరుసగా కూసోబెట్టి తలకు రాస్తవా ఏంది?"

కొన్నాళ్లకు ఆ కార్యక్రమం వాళ్లే ఫోన్ చేశారు. భద్రాచలం డిగ్రీ కాలేజీలో చదివే కూతురు కవిత, తల్లికి చెప్పకుండా పెరడు వీడియో పంపిందట. అడవి అంచు తోటల మీద ప్రత్యేక కార్యక్రమం చేస్తున్నాం, వస్తాం అన్నారు. ద్వాలి పెరడంతా ఊడ్చింది. వాళ్లు ఉపాయం పట్టుకుని వస్తున్నారనే నమ్మింది. లేకపోతే హైదరాబాదు నుంచి ఇంత దూరం ఊరికే ఎందుకొస్తారు?

యాంకర్ శ్రావణి, డైరెక్టర్, కెమెరామెన్, డ్రైవర్ దిగారు. నిపుణుడు రాలేదు. డైరెక్టర్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"అమ్మా, మీ లంబాడీ డ్రెస్ ఉంటుంది కదా, అద్దాలది. అది వేసుకోండి."

"అది మా అత్తది సార్. అది ఏసుకొని కలుపు తీస్తరా ఎవరన్న?"

"చూసేవాళ్లకు అదే కావాలమ్మా."

ద్వాలి వేసుకోలేదు. చీర కొంగు దోపుకుని పందిరి కింద నిలబడింది. శ్రావణి ఆమె చేతికి ఒక బీరకాయ ఇచ్చి నవ్వమంది. నవ్వింది. మళ్లీ నవ్వమంటే మళ్లీ నవ్వింది. చివరికి అడిగేసింది. "కోతుల సంగతి ఎప్పుడు చెప్తరు బిడ్డా?"

శ్రావణి డైరెక్టర్ వైపు చూసింది. అతను ఓపికగా వివరించాడు. "అది నెగెటివ్ అయిపోతుందమ్మా. ఆదివారం పొద్దున జనం హాయిగా కూర్చుని చూస్తారు. పచ్చదనం కావాలి, నవ్వు కావాలి. సమస్యలు చూపిస్తే ఛానల్ మార్చేస్తారు."

సరిగ్గా అప్పుడే గోడ మీదికి ఒక తల్లికోతి వచ్చింది, పొట్టకు పిల్లను కరుచుకుని. "సూపర్! ఇది కావాలి!" అన్నాడు డైరెక్టర్. డ్రైవర్ బండిలోంచి అరటి గెల తెచ్చాడు. ద్వాలి "వద్దు వద్దు" అంటూనే ఉంది. నాలుగు పండ్లు బీర పందిరి కిందే పడ్డాయి.

తల్లికోతి దిగింది. కెమెరా దాని మీదికి వంగింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక మంద మొత్తం. పండ్ల కోసం కొట్లాటలో పందిరి గుంజ ఒరిగి, కాయలతో సహా పందిరంతా నేలకు కూలింది.

"చూసేటోళ్లకు ఏం కావాల్నో నాకు చెప్తవా?" ద్వాలి గొంతు తండా అంతా వినిపించింది. "చూసేదాన్ని నేనే! నేను ఛానల్ మారుస్తనని నీకెవరు చెప్పిండ్రు? ఒక్క వారం ఇడువకుండ చూసిన. మీ కుండీలు, మీ రంగులు, మీ ఇకిలింపులు, అన్ని చూసిన. ఎందుకు? కోతుల మాట ఎప్పుడన్న చెప్తరని! పర్ణశాల కాడ మొక్కుకు వచ్చినోళ్లు పండ్లు పెడితే సరే, పుణ్యమనుకుంటరు. నువ్వు నా పందిరి కింద ఏ పుణ్యానికి పెట్టినవ్?"

"అమ్మా, కూల్‌గా..." అంది శ్రావణి.

ద్వాలి డ్రైవర్ చేతిలోంచి మిగిలిన గెల లాక్కుంది. విసవిసా నడిచి వాళ్ల బండి తలుపు తెరిచి, గెలను సీటు మీద పెట్టింది. మందకు మంద బండిలోకి దూరింది.

"తియ్యి, ఇప్పుడు తియ్యి వీడియో. చూసేటోళ్లకు మస్తుగుంటది."

ఆ వీడియో ఎవరూ తీయలేదు. సీటు కవర్లు చినిగిపోయిన బండిలోనే వాళ్లు వెళ్లారు. తండా నవ్వింది. "టీవీల పడే గీత చేతులార చెరుపుకుంటివి గద వదినా" అని రూప్లి దెప్పింది. హీరాలాల్ సోమవారం పునాదికి ఇనుప చువ్వలు దింపించాడు.

కార్యక్రమం మాత్రం వచ్చింది. వేణువు మోగింది. పిల్లకోతి పండు వొలుచుకుంది. బీరకాయ పట్టుకుని ద్వాలి నవ్వింది. "మనిషీ కోతీ కలిసిమెలిసి బతికే ముచ్చటైన పెరడు ఇది!" అంది శ్రావణి గొంతు. కూలిన పందిరి లేదు. ద్వాలి అరుపు లేదు.

మంచం మీద పడుకుని చూస్తున్న హీరాలాల్ లేచి కూర్చున్నాడు.

"కలిసిమెలిసా? ఎవరితోని? ఇది ఏడ్సుకుంట పందిరి ఎత్తింది, అది చూపియ్యరా?"

"నేనేడ్వలే," అంది ద్వాలి.

"నువ్వు ఊకో. మా ఇంట్ల కోతికి మేతేసి, మా ఇంటిదాన్ని నవ్విస్తరా?" లేచి చెప్పులు వేసుకున్నాడు.

"యాడికి?"

"జాలీ తేనీకి."

ఆ చువ్వలు పునాదిలోకి పోలేదు. పందిరి చుట్టూ పాతి, పైన కూడా ఇనుప జాలీ పరిచి కట్టాడు హీరాలాల్. బీరకూ చిక్కుడుకూ సరిపోయింది. జామ బయటే ఉండిపోయింది. అవతలి సగంలో ఒక గది కట్టి తీరతానన్నాడు. దాని మీద తగువు ఇంకా తెగలేదు.

పని కావొచ్చాక ద్వాలి లోపలికి వెళ్లి కలుపు తీయడానికి కూర్చుంది. మనిషి బోనులో, కోతులు బయట. ఒకటి జాలీ మీదికెక్కి వేళ్లు దూర్చి గుంజింది. తల్లిని చూసి కవిత పడీ పడీ నవ్వింది. "యాడీ, నిన్ను జూపార్కుల పెట్టినట్టున్నది!"

"నవ్వుడు తర్వాత," అంది ద్వాలి, ఇంకా కోపంగానే. "ఆ మూలకు చెయ్యి పట్టేంత సందున్నది. మీ నాయనను ముందు అది కట్టమను."