బోణీ గంప

ఎల్లాజీ తెప్ప అమ్మేసి, భోగాపురం విమానాశ్రయానికి కిరాయిలు తిప్పుకోవచ్చని పాత కారు కొన్నాడు. కొనేముందు పాత బండ్లు తనిఖీ చేసే కంపెనీవాళ్లు చూసి, ఎక్కడా గుద్దుకోని బండేనని కాగితమిచ్చారు. తెప్పయినా బండయినా అందులో తొలి బరువు చేపల గంపే కావాలన్నది వాళ్ల పేట ఆనవాయితీ. భార్య అమ్మడు గంగమ్మకు దండం పెట్టుకుని, తన చేత్తోనే డిక్కీలో గంప పెట్టింది.

గంపలోంచి నీళ్లు కారాయని ఎల్లాజీ డిక్కీలో మ్యాట్ ఎత్తాడు. కింద వెనకభాగమంతా కోసి వెల్డింగ్ చేసిన అతుకులు! కడుపు మండి, విజయనగరంలో కంపెనీ ఆఫీసుకి ఆ బండిలోనే పోయాడు.

మేనేజరు డిక్కీ తెరిచి ముక్కు మూసుకున్నాడు. "చేపలు మోసి పాడుచేసుకున్నావు. ఉప్పునీళ్లకి మా బాధ్యత లేదు."

"ఉప్పునీళ్లు తుప్పట్టిత్తాయి గానీ అతుకులేత్తాయేటి బాబూ?" అని అరిచాడు ఎల్లాజీ.

"మోశావా, లేదా?"

అబద్ధం నోట రాలేదు. "ఒక్క గంప. బోణీకి."

ఆ ఒక్క మాట పట్టుకుని మేనేజరు ఫిర్యాదు కొట్టేశాడు.

ఇంటికొస్తే అమ్మడు గుమ్మంలోనే నిలబడుంది. "ఏటన్నారు మావా?"

"దొంగనాయాళ్లు, ఏటంటారే!" అన్నాడు ఎల్లాజీ. ఆమె పెట్టిన గంపనే వంక చేశారన్న మాట మాత్రం బయటపెట్టలేదు.