దేవదానం వాంగ్మూలం

1987 జూన్‌లో నన్ను గురజాల ప్రాంతంలోని ఒక మండలానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ చేశారు. మండలాలు ఏర్పడి అప్పటికి రెండేళ్లు. కుల ధ్రువీకరణ పత్రం మీద సంతకం మండల రెవెన్యూ అధికారిది. ఊరికి వెళ్లి విచారించి నివేదిక రాసే పని ఇన్‌స్పెక్టరుది. దరఖాస్తుదారు వాంగ్మూలం, ఇద్దరు సాక్షుల సంతకాలు, బడి రిజిస్టరు నకలు ఉంటే ఫైలు పూర్తయినట్టు.

ఆగస్టులో దేవదానం ఫైలు వచ్చింది. టీచర్ ట్రైనింగ్ చేసి, ఉద్యోగం దొరక్క, ఏడేళ్లుగా సున్నపు బట్టీలో రాయి మోస్తున్న మనిషి. ఆదివారాలు గూడెంలోని తాటాకుల ప్రార్థన మందిరంలో వాక్యం చెప్పేవాడు. దానికి జీతం లేదు. షెడ్యూల్డు కులాల కోటాలో టీచరు పోస్టుకు అతని పేరు వచ్చింది. అయితే నిబంధన ప్రకారం ఆ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారు ఆ కోటాకు రారు, వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి కిందికి వస్తారు. బడి రిజిస్టరులో మాత్రం చిన్నప్పుడెవరో ‘హిందువు’ అని రాశారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి వాళ్లు దాన్నే ఎక్కించుకున్నారు.

వాంగ్మూలం ఆఫీసులోనే రాసుకుని అతని ఇంటికి వెళ్లాను. అది అప్పటి అలవాటు. చదివి వినిపిస్తుంటే, ‘నేను హిందూ మతస్థుడను’ అన్న చోట దేవదానం నన్ను ఆపాడు.

“ఈ ముక్క నాది కాదు సార్.”

రిజిస్టరు అతనికి అనుకూలంగానే ఉందని, అభ్యంతరం చెప్పేవాళ్లు లేరని, ఇంట్లో ఎవరిని కొలుచుకున్నా మాకు పట్టదని నచ్చజెప్పాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

“ఆదివారం నిలబడి వాళ్లకేం చెప్పాల సార్?” అన్నాడు.

అతని భార్య సలోమి లోపలి నుంచి వచ్చింది. “ఊరందరికీ చానా చెప్పినవ్‌గానీ, నాకు చెప్పు. సున్నం పొడికి కళ్లు పోతన్నయ్. ఒక్క సంతకం పెడితే దేవుడు పారిపోతాడా ఏంది?”

దేవదానం నా వైపు తిరిగి, “నాకు ఆశ లేదనుకోమాకండి. పొద్దున్నుంచీ సంతకం పెడదామనే కూసున్నా. మీరు చదవతా ఉంటే మనసొప్పలా” అన్నాడు. తెల్లకాగితం అడిగి, తాను క్రైస్తవుడినని, సంఘంలో వాక్యం చెబుతానని స్వయంగా రాసి సంతకం పెట్టాడు.

సాక్షులు కావాలి. ఇరుగుపొరుగు ఎవరూ ముందుకు రాలేదు. వాళ్లూ ఆ మందిరానికి వెళ్లేవాళ్లే; దేవదానం కాగితం మీద సంతకం పెడితే రేపు తమ పిల్లల కాగితాలకు అడ్డొస్తుందని వాళ్ల భయం. చివరికి నా వెంట వచ్చిన తలారి ఒక సంతకం చేశాడు. రెండోదానికి సలోమి చెయ్యి చాపింది.

“ఇటియ్యండి. ఆయన రాసింది అబద్ధం కాదుగా” అంది. అప్పటికీ ఆమె కోపం తగ్గలేదు. మొగుడి మొహం చూడకుండానే సంతకం చేసింది. భార్య సాక్ష్యం చెల్లుతుందా అని ఆఫీసులో అడిగారు. చెల్లదన్న నిబంధన నాకు ఎక్కడా కనబడలేదన్నాను.

బీసీ-సి అని నివేదిక పంపాను. పోస్టు జాబితాలో తర్వాతి వ్యక్తికి వెళ్లింది. దేవదానానికి వయోపరిమితి దాటిపోయింది. సర్కారు ఉద్యోగం ఎప్పటికీ రాలేదు. కొన్నేళ్లకు చూపు మసకబారి బట్టీ మానేశాడు. ఇల్లు సలోమి కూలి మీద గడిచింది. ఆదివారాలు గ్రంథం ఆమె చదివేదని, వాక్యం ఆయన చెప్పేవాడని తర్వాత తెలిసింది.

ఆ నిబంధన న్యాయమా కాదా అన్నది నా హోదాలో తేల్చే సంగతి కాదు. మతం మారినంత మాత్రాన గూడెంలో బతుకు మారదని మాత్రం చూశాను. నా ఉద్యోగం విషయంలో నేను నేర్చుకున్నది ఒకటే: మనిషిని అడగకముందే అతని జవాబు రాసి పెట్టుకోవడం విచారణ కాదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఊరికైనా తెల్లకాగితంతోనే వెళ్లాను. ముందు అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించాకే సంతకం తీసుకున్నాను.