నానబెట్టిన కాగితం

కొత్త ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది. ఎండకు కాగిన రంగులో కిరోసిన్ కలిసినట్టు, ముక్కులోకి దూరి నేరుగా తలకెక్కుతుంది. మొన్న చైతన్యపురి మెట్రో మెట్లు దిగుతుంటే ఆ వాసన కొట్టింది. తలెత్తి చూశాను. హాస్టళ్ల గల్లీ మొదట్లో రెండు కరెంటు స్తంభాల మధ్య ఏదో ప్రైవేటు కాలేజీ వాళ్లు కట్టించిన ఫ్లెక్సీ. నల్ల గౌన్లు వేసుకున్న పిల్లలు టోపీలు గాల్లోకి ఎగరేస్తున్నారు. పైన ఎర్రటి అక్షరాలు: 'ఎక్కడైనా నేర్చుకోండి, క్రెడిట్లు ఇక్కడ పొందండి.' నాకు ఒళ్లు మండిపోయింది. పక్క దుకాణంలో నిచ్చెన అడిగి తెచ్చి, పైకెక్కి, ఆ ఫ్లెక్సీని నిలువునా చింపి పారేశాను. గల్లీ అంతా చప్పట్లు కొట్టింది.

చింపలేదు. అరవై తొమ్మిదేళ్ల మోకాళ్లతో మెట్రో మెట్లు దిగడమే గొప్ప. కింద నిలబడి తిట్టాను, అదీ పెదవులు కదపకుండా. కానీ ఆ కోపం మాత్రం నిజం. ఆ వాక్యం చదవగానే కనకదుర్గ మేడం కళ్లముందు నిలబడ్డారు. ఆమె పోయి రెండేళ్లయింది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ సుద్దముక్క పొడి అంటిన కొంగుతో ఉండేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్ఫై ఏళ్లు కాపురం చేసినా యాస మార్చుకోలేదు. ఎల్బీ నగర్‌లో మా డిగ్రీ కాలేజీలో ఆమె లెక్కలు చెప్పేవారు. నేను అదే కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. నా సంతకం కోసం ప్రిన్సిపాళ్లు సైతం క్యూ కట్టేవారని సైదాబాద్ పార్కులో నా తోటి ముసలివాళ్లకు చెబుతుంటాను. నాకు సంతకం పెట్టే అధికారమే లేదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక ముద్ర, ఒక రిజిస్టరు. ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితానికీ తేదీ ముద్ర కొట్టి, ఇన్‌వర్డ్ నంబరు వేసి, రిజిస్టర్లో ఎక్కించాలి. ఆ నంబరు పడితేనే కాగితం వచ్చినట్టు. పడకపోతే అది ఈ లోకంలో పుట్టనట్టే లెక్క.

ఆ ముద్రతో నేను చేసిన దొరతనం చెప్పాలి. మాది పోచంపల్లి దగ్గర నేతపని ఇల్లు. రంగు వేసే ముందు నూలును నానబెడతారు. నేను కాగితాలను నానబెట్టేవాణ్ని. ఎవరు ఏ దరఖాస్తు ఇచ్చినా వెంటనే నంబరు వేయకుండా కింది సొరుగులో పడేసేవాణ్ని. వారం లోపల ఆ మనిషి మళ్లీ వచ్చి అడిగితే అవసరం ఉన్నట్టు, బయటికి తీసి ముద్ర కొట్టేవాణ్ని. రాకపోతే అవసరం లేనట్టు. ఇందువల్ల ఆఫీసులో సగం పని తగ్గిందని గర్వంగా చెప్పుకునేవాణ్ని. కొత్తగా చేరిన గుమాస్తాలకు నేర్పించాను కూడా. ఈ విద్యకు బలైనవాళ్లు ఎందరో నాకు తెలియదు, ఎందుకంటే బలైనవాళ్లు మళ్లీ వచ్చి చెప్పరు కదా. నాకు తెలిసింది ఒక్కరి సంగతే. అదీ మేడం వల్ల తెలిసింది.

నేను ఉద్యోగం మానేయడానికి మూడేళ్ల ముందు మాట. మా కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరర్ మానేసి వెళ్లిపోయాడు. యాజమాన్యం ఆ ఖాళీ నింపలేదు. ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకుంది. ఆఖరి సెమిస్టరులో ఆ సబ్జెక్టు తీసుకున్న పిల్లలను వేరే సబ్జెక్టుకు మారమన్నారు. అందరూ మారారు, శిరీష తప్ప. వాళ్లది నల్గొండ దగ్గర పల్లె. తండ్రి తుర్కయంజాల్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆ పిల్లకు స్టాటిస్టిక్స్‌లోనే పీజీ చేయాలని పట్టుదల. అప్పుడు మేడం ఒక దారి చూపించారు. ప్రభుత్వ పోర్టల్‌లో అదే సబ్జెక్టు ఆన్‌లైన్‌లో ఉంది. పాఠాలు విని, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసి పాసైతే నాలుగు క్రెడిట్లు వస్తాయి. వాటిని తెచ్చి డిగ్రీలో కలుపుకోవచ్చు. అయితే ఒక షరతు ఉంది. సెమిస్టరు మొదలైన నెల లోపల కాలేజీ కమిటీ ఆ కోర్సును ఆమోదించి జాబితాలో చేర్చాలి.

మేడం మొదటి వారంలోనే లేఖ రాసి తెచ్చారు. "సత్తయ్య గారూ, ఈ కాగితం కాస్త కమిటీ ముందు పెట్టించండి. ఒక్క పిల్లే, కానీ ఆ పిల్లకి ఇదే ముఖ్యం" అన్నారు. "అయిపోయినట్టే అనుకోండ్రి మేడం" అన్నాను. ఆమె వెళ్లాక సొరుగు లాగి అందులో వేశాను. ఆమె మళ్లీ అడగలేదు. ఎందుకు అడగలేదో తర్వాత నాకే చెప్పారు: "ఒప్పుకున్న మనిషిని మళ్లీ అడిగితే, మీ మాట నేను నమ్మలేదని మీ మొహం మీదే చెప్పినట్టు కాదూ?" నాలాంటివాడి దగ్గర అలాంటి మర్యాద చూపించడం ఆమె చేసిన ఒకే ఒక్క పొరపాటు.

ఆ పిల్ల చదువు నేను కళ్లారా చూశాను. తుర్కయంజాల్ నుంచి వచ్చే బస్సులో నిలబడి, ఫోనును పైన కడ్డీకి ఆనించి పట్టుకుని పాఠాలు వినేది. అంతా ఇంగ్లీషు. అర్థం కానివి చేతి మీద పెన్నుతో రాసుకుని వచ్చేది. మధ్యాహ్నం అన్నం వేళకు స్టాఫ్ రూమ్ బయట మెట్ల మీద మేడం ఒక చేత్తో పెరుగన్నం తింటూ, రెండో చేత్తో సుద్దముక్క పట్టి నేల మీద గీసి చెప్పేవారు. నేను కూడా పక్కన నిలబడి రెండు మూడు లెక్కలు విడగొట్టి చెప్పానని మా పార్కులో అంటుంటాను. ఊరికే అన్నాను. నేను ఆ దారిలో టీ తాగడానికి వెళ్లేవాణ్ని, మెట్లకు అడ్డంగా కూర్చున్నారని విసుక్కునేవాణ్ని.

ఫలితాలు వచ్చాయి. శిరీష కౌంటరు దగ్గరికి వచ్చింది.

"సార్, నా మెమోల నాలుగు క్రెడిట్లు తక్కువొచ్చినయ్. డిగ్రీ కాలేదని పడ్డది."

కంప్యూటర్లో చూశాను. "గా కోర్సు మన జాబితాల లేదు బిడ్డా."

"గట్లెట్ల సార్? మేడమే చెయ్యమన్నది గదా."

"మేడమంటే అయితదా? కమిటీ అనాలె. ముందుగాల అనుమతి తీసుకోవాలె."

"నేను చదివిన సార్. పరీక్ష రాసిన. వేలిముద్ర ఏసి, కెమెరా ముందట కూసొని రాసిన. గిదిగో సర్టిఫికెట్. ఇది దొంగదా?"

"దొంగదెందుకైతది? అసలుదే. కానీ మన దగ్గర చెల్లదు."

"అసలుదైతే ఎట్ల చెల్లదు సార్?"

ఆ ప్రశ్నకు జవాబు ఈ దేశంలో ఎవరి దగ్గరుందో నాకు చెప్పండి. పాఠం చెప్పేవాణ్ని పెట్టని కాలేజీ, వేరేచోట ఆ పాఠం నేర్చుకుని వచ్చిన పిల్లతో నువ్వు నేర్చుకోలేదు అంటుంది. ప్రభుత్వం చదువుకోమంటుంది, ప్రభుత్వమే పరీక్ష పెడుతుంది, ప్రభుత్వమే పాసయ్యావు అంటుంది. అన్నీ అయ్యాక ఒక గదిలో నలుగురు కూర్చుని తలలూపలేదు కాబట్టి ఆ చదువు లేదట. పీజీ సీటుకు ప్రవేశ పరీక్షలో శిరీషకు మంచి ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్లు చూపించడానికి పన్నెండు రోజుల గడువు. డిగ్రీ అయినట్టు కాగితం లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఇంత కోపంగా రాస్తున్నాను కదా, ఆ రోజు కూడా ఇలాగే మండిపడి ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకెళ్లి బల్ల గుద్దానని చాలామందికి చెప్పాను.

గుద్దలేదు. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక కింది సొరుగు బయటికి లాగి చూశాను. మేడం లేఖ అడుగున ఉంది. మూలలు మడతపడి, పైన టీ గ్లాసు గుండ్రని మచ్చతో. దాన్ని చూసి మళ్లీ అక్కడే పెట్టి తాళం వేశాను.

మర్నాడు మేడం ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు. రిజిస్టరు పట్టుకుని రమ్మని నాకూ పిలుపు వచ్చింది. ప్రిన్సిపాల్ సారు కుర్చీలో వెనక్కి వాలి, "లెటర్ ఇచ్చిన అంటున్నరు మేడం. ఇన్‌వర్డ్ నంబరేది?" అన్నాడు. "నంబరు నాకు తెలీదండీ. సత్తయ్య గారి చేతికిచ్చాను. ఆయన్నే అడగండి" అన్నారామె, ఎంతో నిబ్బరంగా. నేనున్నాను కదా అన్న ధీమా అది. సారు నా వైపు చూశాడు. "వచ్చిందా?"

"రాలేదు సార్" అన్నాను.

ఆ కాలేజీ వదిలాక ఆ రెండు మాటలు నేను ఎవరికీ చెప్పలేదు. పార్కులో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. మేడం నా వైపు తిరిగి చూశారు. ప్రిన్సిపాల్ సారు ఆమెను చాలా అన్నాడు. బాధ్యత లేదన్నాడు, పిల్ల బతుకు పాడు చేశారన్నాడు. చివరికి, తప్పు తనదేనని మేడం రాసిస్తే అప్పుడు కమిటీని పిలిచే సంగతి ఆలోచిస్తానన్నాడు. ఆమె వాదించలేదు. గంటలోపు రాసుకుని నా కౌంటరు దగ్గరికి వచ్చారు. చదివాను. 'నా నిర్లక్ష్యం వల్ల' అని మొదలైంది. 'ఈ తప్పుకు విద్యార్థిని బాధ్యురాలు కాదు' అని ముగిసింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క క్లాసు ఎగ్గొట్టని మనిషి రాసిన కాగితం.

"దీనికి నంబరు వేయండి. ఇప్పుడే, నా ముందే" అన్నారు.

ముద్రను ఇంకు ప్యాడ్ మీద అద్దాను. చెయ్యి కాగితం దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ కాగితం మీద ముద్ర కొట్టానంటే నా అబద్ధానికి నేనే తేదీ వేసినట్టు. ముద్ర పక్కన పెట్టి, తాళం తీసి, పాత లేఖను బయటికి తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. మొహం ఎర్రబడింది. గొంతు పెంచకుండానే అడిగారు.

"ఎందుకు చేశారండీ ఇలా?"

"అందరివీ గట్లనే పెడత మేడం. మళ్లొచ్చి అడుగుతరేమో అని."

"అడగాలా? చదువుకోవాలంటే మీ చుట్టూ తిరగాలా? మీరెవరండీ?"

"తప్పైంది మేడం."

"నాకెందుకు చెబుతారు? ఆ పిల్ల బయట కూర్చుంది. వెళ్లి చెప్పండి."

చెప్పాను. శిరీష ఏడవలేదు, తిట్టలేదు. "మా బాపు నిన్నటి సంది అన్నం తింటలేడు. ఫెయిలైనవా బిడ్డా, నిజం జెప్పు అంటుండు. నేను జెప్తే నమ్ముతలేడు. మీరే జెప్పున్రి" అని ఫోను కలిపి నా చేతిలో పెట్టింది. అవతల ట్రాలీ ఆటో ఇంజను చప్పుడు. నేను ఎవరో, ఏం చేశానో, మొత్తం చెప్పాను. ఆయన ఇంజను ఆపేశాడు. బూతులు వస్తాయని ఫోనును చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను.

"అంటే నా బిడ్డ పాసైందా సార్?" అన్నాడు.

"పాసైంది."

"ఇంకోపాలి చెప్పున్రి."

"నీ బిడ్డ పాసైంది. తప్పు నాది" అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు.

మేడం తప్పు తనదని రాసిన లేఖను చించేసి, నా చేత జరిగినదంతా రాయించారు. తేదీతో సహా, సొరుగుతో సహా. ఆమే తీసుకెళ్లి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టి, కమిటీని పిలిచేదాకా ఆ గదిలోంచి కదలనన్నారు. ఎల్బీ నగర్ నుంచి యూనివర్సిటీకి రోజూ తిరిగారు. నాకు జీతంలో కోత పడింది, అది నాకు తక్కువే. కమిటీ సమావేశమైంది, నాలుగు క్రెడిట్లు కలిశాయి, డిగ్రీ అయింది. కానీ కాగితం చేతికి వచ్చేసరికి గడువు దాటి నాలుగు రోజులు. నాలుగు రోజులే కదా అని మేడం పీజీ అడ్మిషన్ల ఆఫీసులో ఎంత వాదించినా ఎవరూ వినలేదు. ఆ ఆఫీసులోనూ నాలాంటి గుమాస్తాలే కూర్చుని ఉంటారు. శిరీష ఒక ఏడాది ఊరి బడిలో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పి, మరుసటి ఏడు సీటు తెచ్చుకుంది. నంబరు వేయడానికి పట్టేది అర నిమిషం. దాని విలువ ఆ పిల్లకు ఒక ఏడాది.

ఇప్పుడు మా వీధిలో పిల్లలకు ఇలాంటి చిక్కు వస్తే వాళ్ల వెంట నేనే కాలేజీలకు వెళ్తున్నాను. కౌంటరు ముందు కుర్చీ వేయించుకుని, కాగితం మీద నంబరు పడేదాకా లేవను. "ఈ ముసలాయన మళ్లొచ్చిండు" అని గుమాస్తాలు గొణుక్కుంటారు. గొణుక్కోనీ. వాళ్ల సొరుగుల్లో ఏముంటుందో నాకు తెలుసు.

ఈ కథ చెప్పినప్పుడల్లా, చివరికి మేడం నవ్వి "పోనీలెండి సత్తయ్య గారూ" అన్నారని చెబుతుంటాను. వినేవాళ్లకు అది నచ్చుతుంది. ఆమె అలా అనలేదు. ఆ తర్వాత మూడేళ్లు ఏ కాగితం తెచ్చినా, నేను ముద్ర కొట్టి, నంబరు వేసి, రిజిస్టరు తిప్పి చూపించేదాకా కౌంటరు ముందే నిలబడ్డారు. మంచిగానే మాట్లాడేవారు, నా మోకాళ్ల నొప్పి అడిగేవారు, కానీ నిలబడేవారు. ఆమె రిటైరైన రోజు సర్వీసు సర్టిఫికెట్ దరఖాస్తు తెచ్చినప్పుడు, ఈ ఒక్కసారి చేతికిచ్చి వెనక్కి తిరిగి వెళ్లిపోతారేమోనని ఆశపడ్డాను. వెళ్లలేదు. కళ్లజోడు పెట్టుకుని, రిజిస్టర్లో వేలితో వరుసను వెతికి, తన పేరు, నంబరు చదువుకుని, "సరేనండీ, వస్తాను" అన్నారు.